బరువు లాగేందుకు తీర్చిదిద్దుకున్న డీజిల్ పికప్‌ను హైదరాబాద్‌లో అమ్మడం ఎలా?

మామూలు కారు అమ్మేటప్పుడు ఏ సంవత్సరం మోడల్, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎన్నో చేతిలో ఉంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెబితే బేరం మొదలవుతుంది. వెనుక కమాన్ కట్టలకు అదనపు పట్టీ వేయించి, ఛాసిస్‌కు టో హిచ్ (ట్రైలర్‌ను తగిలించే కొక్కెం) బిగించి, ట్రైలర్ బ్రేకులకు కంట్రోలర్ అమర్చుకున్న డీజిల్ పికప్ విషయంలో ఆ మూడు జవాబులు ఏ మూలకూ చాలవు. దాని ముందు నిలబడిన మనిషి మనసులో రెండు అనుమానాలు ఉంటాయి: ఇది నిజంగా ఎంత లాగుతుంది, ఇన్నాళ్లూ లాగీ లాగీ ఎంత అరిగిపోయింది? ఈ రెండింటికీ కాగితంతో, కొలతతో జవాబు చూపగలిగినవారికే ఆ బండికి తగిన ధర వస్తుంది.

నేను ఫంక్షన్ హాళ్లకు జనరేటర్ ట్రైలర్లు అద్దెకు పంపే పనిలో ఉన్నాను. మేడ్చల్ నుంచి శంషాబాద్ దాకా పెళ్లిళ్ల సీజన్‌లో మా ట్రైలర్లను లాగింది శ్రీసిటీ ఫ్యాక్టరీలో తయారైన ఇసుజు డీమ్యాక్స్ వీక్రాస్. దానికి ముందు మరో పాత పికప్ ఉండేది. రెండింటినీ నేనే అమ్మాను. మొదటిదాన్ని ధర తప్పుగా చెప్పి, చివరికి విసిగి అమ్మి నష్టపోయాను, రెండోదాన్ని మూడు నెలలు ఓపిక పట్టి సరిగ్గా అమ్మాను. కింద రాసినదంతా ఆ రెండు అనుభవాల నుంచి వచ్చినదే.

ముందుగా ఆర్‌సీతో బండిని సరిచూసుకోండి

ఫోటోలు తీయడానికి ముందే ఆర్‌సీ చేతిలో పట్టుకొని బండి చుట్టూ ఒకసారి తిరగండి. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, రంగు, సీట్ల సంఖ్య, బాడీ రకం, ఖాళీ బరువు, స్థూల బరువు (సరుకుతో సహా బండికి అనుమతించిన గరిష్ఠ బరువు), వీటిలో ప్రతిదాన్నీ ఎదురుగా ఉన్న బండితో పోల్చండి. ఛాసిస్ నంబరు పొడిచిన చోట మట్టి, గ్రీజు పేరుకొని ఉంటే డీజిల్ గుడ్డతో తుడిచి అంకెలు స్పష్టంగా కనబడేలా చేయండి. బదిలీ కాగితాలకు ఆ నంబరు మీద పెన్సిల్ ముద్ర తీయవలసి వస్తుంది. ట్రైలర్ లాగిన బండ్లలో రాళ్లు, బురద తగిలి ఆ భాగం తుప్పు పట్టడం మామూలే.

ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో నమోదైన వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా మారేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాటను గట్టిగా చెప్పింది. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు లేదా రెండూ విధించవచ్చని చెబుతోంది. ముందు బంపర్ మీద బిగించే ఇనుప గార్డులను 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ అనుమతించరాదని రాష్ట్రాలకు రాసింది. ఇవన్నీ మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. రేపు ఆర్‌టీఏలో బండిని చూపించవలసి వస్తే ఆ గార్డు, ఆ పెద్ద టైర్లు ముందుగా కంటబడతాయి, బదిలీ అక్కడే ఆగిపోతుంది. అప్పుడు మీరు తీసుకున్న అడ్వాన్సు మీద కొనుగోలుదారుకు సహజంగానే కోపం వస్తుంది.

కాబట్టి మార్పులన్నింటినీ మూడు గుంపులుగా విడదీయండి. తయారీదారు సొంత యాక్సెసరీగా అమ్మినవి, బిల్లు ఉన్నవి మొదటి గుంపు. వాటిని అలాగే ఉంచండి. బోల్టులతో బిగించినవి, విప్పితే బండి మళ్లీ ఫ్యాక్టరీ రూపానికి వచ్చేవి రెండో గుంపు. ముందు గార్డు, పైన వేసిన లైట్ల వరుస, కొలత మించిన టైర్లు ఇందులోకి వస్తాయి. వీటిని అమ్మకానికి ముందే విప్పించి, పాత భాగాలు తిరిగి వేయించి, విప్పినవాటిని విడిగా అమ్ముకోండి. పొగను శుద్ధి చేసే పరికరాలను తీసేసి, ఇంజిన్ కంప్యూటర్‌లో సెట్టింగులు మార్చి అదనపు శక్తి రాబట్టిన బండి మీదైతే దాన్ని కూడా మొదటి స్థితికి తెప్పించాల్సిందే. కాలుష్య ధ్రువపత్రం లేని డీజిల్ బండిని ఏ కొనుగోలుదారూ నమ్మడు. మూడో గుంపు వెల్డింగ్ చేసి శాశ్వతంగా మార్చినవి, ఛాసిస్ పొడవు మార్చినవి, ఇంజిన్ మార్చినవి. ఇంజిన్ మార్పుకు ఆర్‌టీఏ ముందస్తు అనుమతి, ఆర్‌సీలో ఎండార్స్‌మెంట్ (ఆ మార్పు నమోదు) తప్పనిసరి. ఆ ఎండార్స్‌మెంట్ లేకుంటే ప్రకటన గురించి ఆలోచించకుండా ముందు మోటారు వాహన తనిఖీ అధికారిని కలిసి దారి ఏమిటో తెలుసుకోండి. హిచ్ ఏ గుంపులోకి వస్తుందన్నది అది ఎలా బిగించారన్న దాన్ని బట్టి ఉంటుంది. బోల్టులతో ఉన్నదాన్ని బండి అప్పగించేటప్పుడు విప్పి చేతికిచ్చి, వాడుకోవాలంటే అనుమతి సంగతి మీరు చూసుకోవాలని కొనుగోలుదారుకు రాతపూర్వకంగా చెప్పడమే నాకు సరైన పద్ధతిగా తోచింది.

నంబరు ప్లేటు రంగు కూడా బేరాన్ని మార్చేస్తుంది. పసుపు ప్లేటు బండికి ఫిట్‌నెస్ ఉండాలి. మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, తర్వాత ఏటా దాన్ని పునరుద్ధరించుకోవాలి. స్థూల బరువు 3,000 కిలోలు దాటని సరుకు వాహనానికి మాత్రం పర్మిట్ అక్కర్లేదు. ఈ సంగతి తెలియక వెనకాడే కొనుగోలుదారులు ఉంటారు కనుక ముందే చెప్పండి. తెల్ల ప్లేటు బండిని 15 ఏళ్ల రిజిస్ట్రేషన్‌లో ఇంకా ఎన్నేళ్లు మిగిలాయన్న లెక్కతో చూస్తారు. 2024 మార్చిలో రాష్ట్రంలో కొత్త బండ్లకు టీజీ సిరీస్ వచ్చినా పాత టీఎస్ నంబర్లు చెల్లుతూనే ఉన్నాయి, వాటి వల్ల ధరలో తేడా ఏమీ రాదు.

లాగిన బండి ఎక్కడ అరుగుతుందో అక్కడే చూపించండి

ఈ బండి బరువులు లాగలేదని చెప్పకండి. హిచ్ ఉన్న బండి లాగలేదంటే నమ్మే అమాయకులు ఈ రంగంలో లేరు. ఎంత లాగిందో, దాన్ని ఎలా చూసుకున్నారో చెప్పండి. అందుకు ముందుగా మీకు నమ్మకమైన డీజిల్ మెకానిక్ చేత ఒక పూర్తి తనిఖీ చేయించి, రిపోర్టును అతని లెటర్‌హెడ్ మీద రాయించుకోండి.

ఇంజిన్‌కు కంప్రెషన్ పరీక్ష, ఇంజెక్టర్లకు రిటర్న్ డీజిల్ కొలిచే పరీక్ష, టర్బో షాఫ్ట్‌లో ఆట ఉందేమో చూడడం, ఈ మూడూ చేయించండి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే దాని నుంచి దట్టంగా పొగ కొట్టుకొస్తోందంటే పిస్టన్ రింగులు అరిగాయని అర్థం. తెలిసిన కొనుగోలుదారు వచ్చీ రాగానే చేసే పని ఆ మూత తీయడమే. అయితే బరువు లాగిన బండిలో అసలు గాయాలు ఇంజిన్ కంటే వెనుక భాగంలోనే ఎక్కువగా ఉంటాయి. వెనుక ఇరుసులోని క్రౌన్ పినియన్ గేర్ల ఆయిల్ తీయించి, డ్రెయిన్ ప్లగ్‌కు ఉన్న అయస్కాంతాన్ని చూడండి. వేళ్ల మధ్య పేస్టులా మెత్తగా జారే బూడిదరంగు పొడి మామూలు అరుగుదల. గోటికి గుచ్చుకునే ముక్కలు తగిలితే పళ్లు విరుగుతున్నాయన్నమాట. జాయింట్ షాఫ్ట్ క్రాసులు, సెంటర్ బేరింగు, వెనుక ఇరుసు ఆయిల్ సీళ్లు, క్లచ్, ఇవన్నీ ఆ తర్వాతి వరుస.

హిచ్ దగ్గర మాత్రం మీరే వంగి టార్చి వేసి చూడండి. మా వీక్రాస్‌ను చూడటానికి వచ్చిన ఒక పెద్దాయన, ఆటోనగర్‌లో బాడీ బిల్డింగ్ పని చేసినవారు, బానెట్ తెరవమని కూడా అడగలేదు. నేరుగా బండి కిందికి దూరి, హిచ్ ప్లేటు ఛాసిస్‌కు కలిసే చోట బోల్టు రంధ్రం చుట్టూ బొటనవేలితో మెల్లగా రాశారు. ఛాసిస్ పగలడానికి ముందు ఆ చోట రంగు సన్నని గీతలా విచ్చుతుందనీ, ఆ గీతలో ఎర్రటి తుప్పు పొడి చేరుతుందనీ ఆయనే చెప్పారు. తర్వాత ట్రైలర్ కప్లర్ (ట్రైలర్ ముందు కొసన ఉండే పట్టు) కూర్చునే హిచ్ గుండును అరచేత్తో తిప్పి చూశారు. గుండు ఒక పక్క అరిగి చదునైతే కప్లర్ లోపల ఆడుతుంది, ప్రతి బ్రేకుకూ బండిని వెనుక నుంచి గుద్దినట్టు చప్పుడు వస్తుంది. మా గుండు ఒకవైపు కొద్దిగా అరిగి ఉంది. ఆయన వెళ్లిన మర్నాడే రాణిగంజ్ వెళ్లి కొత్తది తెచ్చి వేశాను, పాతదాన్ని పారేయకుండా పక్కన ఉంచి, ఆ తర్వాత వచ్చిన ప్రతివారికీ రెండింటినీ చూపించాను. అరిగిన భాగాన్ని దాచకుండా చూపించిన ఆ ఒక్క పని వల్ల కలిగిన నమ్మకం పాలిష్ చేయించినందువల్ల కలగలేదు.

ట్రైలర్ లైట్లకు కరెంటు ఇచ్చే ఏడు పిన్నుల సాకెట్‌కు ట్రైలర్ తగిలించి ఇండికేటర్లు, బ్రేకు లైట్లు, వెనుక లైట్లు ఒక్కొక్కటిగా వెలిగించి చూసుకోండి. వానకాలం గడిచిన సాకెట్లలో పిన్నులకు పచ్చటి చిలుము పడుతుంది. పరీక్షకు వచ్చినవారి ముందు ఎడమ ఇండికేటర్ వేస్తే బ్రేకు లైటు వెలిగే పరిస్థితి రాకూడదు.

కాటా చీటీలు తీసుకోండి

ఈ మొత్తం పనిలో మీకు అన్నింటికంటే తక్కువ ఖర్చుతో అన్నింటికంటే ఎక్కువ ప్రయోజనం ఇచ్చేది వేబ్రిడ్జి, అంటే బండ్లను తూచే కాటా. చాలామంది దీన్ని చేయరు. నాకైతే ఈ చీటీలే బండిని అమ్మిపెట్టాయి.

రద్దీ తక్కువగా ఉండే మధ్యాహ్నం పూట వేబ్రిడ్జికి వెళ్లి, ట్యాంకు నిండా డీజిల్‌తో, మీరు సీట్లో ఉండగా పికప్‌ను ఒక్కదాన్నే తూయించండి. ముందు ఇరుసును, వెనుక ఇరుసును విడివిడిగా కూడా తూయించండి. తర్వాత ట్రైలర్ తగిలించి, ట్రైలర్ చక్రాలు కాటా బయట ఉండేలా నిలిపి పికప్ చక్రాలను మాత్రమే, చివరికి రెండింటినీ కలిపి తూయించండి. మా బండికి వచ్చిన లెక్క ఇది. పికప్ ఒక్కటే 2,140 కిలోలు. ట్రైలర్ తగిలించాక పికప్ చక్రాల మీద 2,380. అంటే హిచ్ మీద పడుతున్న బరువు 240 కిలోలు. జోడీ మొత్తం 4,100, అందులో పికప్ సొంత బరువు తీసేస్తే ట్రైలర్ 1,960. ఆ 1,960లో 240 సుమారు 12 శాతం. ఇలాంటి ట్రైలర్లకు హిచ్ మీద 10 నుంచి 15 శాతం బరువు పడటం సరైనదని లాగుడు పనిలో ఉన్నవారు చాలామంది ఒప్పుకునే లెక్క. అంతకంటే తగ్గితే వేగంలో ట్రైలర్ అటూ ఇటూ ఊగి పికప్‌ను తనతో లాక్కుపోతుంది. పెరిగితే వెనుక భాగం కుంగుతుంది.

ఇందులో గమనించవలసిన మరో సంగతి ఉంది. హిచ్ మీద పడింది 240 కిలోలే అయినా వెనుక ఇరుసు మీద పెరిగింది 330. ముందు ఇరుసు మీద 90 కిలోలు తగ్గింది. హిచ్ వెనుక చక్రాలకు వెనుకగా ఉంటుంది కనుక, తూగుడుబల్లలాగా, అక్కడ దించిన బరువు ముందు చక్రాలను కొంత పైకి లేపుతుంది; ముందు చక్రాలు తేలికైతే స్టీరింగూ, బ్రేకులూ పట్టు తప్పుతాయి. అదనపు కమాన్ పట్టీ వేయించింది వెనుక కుంగుదల తగ్గించడానికే. కానీ ఆ పట్టీ వల్ల ఆర్‌సీలోని స్థూల బరువు ఒక్క కిలో కూడా పెరగదు. పట్టీలు వేయించాం కాబట్టి టన్ను అదనంగా వేయవచ్చని కొనుగోలుదారుకు ఎన్నడూ చెప్పకండి. అది నిజం కాదు, పైగా అధిక బరువుకు చట్టంలో 20,000 రూపాయల జరిమానా, దానిపై ప్రతి అదనపు టన్నుకు 2,000 ఉన్నాయి. హిచ్ మీద పడే బరువు కూడా బండి మోసే బరువులో భాగమేనన్నది చాలామందికి తోచదు కనుక మీరే గుర్తు చేయండి.

ధర ఎలా నిర్ణయించాలి

మార్పులకు పెట్టిన ఖర్చును బండి ధరకు కలిపి అడగడం అందరూ చేసే పొరపాటు. మొదటి బండి విషయంలో నేనూ అదే చేసి, నాలుగు నెలలు ఒక్క ఫోన్ కూడా రాక, చివరికి విసిగి తక్కువకు ఇచ్చేశాను. ముందు అదే సంవత్సరం, అదే మోడల్, మార్పులేమీ లేని బండి నగరంలో ఎంతకు పోతోందో పది ప్రకటనలు చూసి, ఇద్దరు డీలర్లను అడిగి తెలుసుకోండి. ఉదాహరణకు అది 13 లక్షలు, మీరు మార్పులకు పెట్టింది 3,60,000 అనుకుందాం. లేబర్, వైరింగ్, రంగు, ఛాసిస్ పనికి ఖర్చయింది తిరిగి రాదు. బిల్లు ఉన్న హిచ్, బ్రేక్ కంట్రోలర్, పెద్ద రేడియేటర్ లాంటివాటికి, వాటి అవసరం నిజంగా ఉన్న మనిషి దొరికితే, సగం దాకా ఇస్తాడు. అవసరం లేని మనిషి వాటిని చూసి ధర తగ్గించమనే అంటాడు. కాబట్టి ఇలాంటి బండికి 14 లక్షల పైన మొదలుపెట్టి 13,60,000 దగ్గర ఆగడం న్యాయమని నా అంచనా.

బీమా కాగితంలో రాసిన ఐడీవీని చూసి దానికే ఇవ్వమని పట్టుబట్టేవారు వస్తారు. ఐడీవీ అనేది వయసును బట్టి పట్టిక ప్రకారం తగ్గించుకుంటూ వచ్చిన బీమా మొత్తం. మూడేళ్లు దాటి నాలుగేళ్ల లోపు బండికి 40 శాతం, నాలుగు దాటి ఐదు లోపు 50 శాతం తగ్గిస్తారు. దానికీ మార్కెట్ ధరకూ నేరుగా సంబంధం లేదు, శాంతంగా ఈ మాట చెప్పండి.

బండి మీ వ్యాపారం పేరున ఉండి, మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఒక సంగతి లెక్కలో పెట్టుకోండి. తరుగుదల చూపించుకున్న బండిని అమ్మితే, అమ్మిన ధరకూ పుస్తకాల్లో మిగిలిన విలువకూ మధ్య ఉన్న తేడా మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. తేడా లేకపోతే పన్ను లేదు. ఏడేళ్ల బండికి పుస్తకాల్లో మిగిలేది కొద్దిగానే కనుక ఆ పన్ను చిన్న మొత్తం కాదు. ధర చెప్పే ముందే మీ ఆడిటర్‌ను అడగండి. రిజిస్ట్రేషన్ లేని వ్యక్తి తన సొంత బండిని అమ్ముకుంటే ఈ పన్ను లేదు.

కొనేవారు ఎక్కడ ఉంటారు

ఈ బండి వందమందికి నచ్చవలసిన అవసరం లేదు, లాగే పని ఉన్న ఒక్కరు దొరికితే చాలు. మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు ఫాంహౌస్‌లూ గుర్రపుశాలలూ ఉన్నవారు, కంప్రెసర్, జనరేటర్, చిన్న ఎక్స్‌కవేటర్ ట్రైలర్లు తిప్పే కాంట్రాక్టర్లు, అవుటర్ రింగు రోడ్డు వెంట చెడిపోయిన బండ్లను తరలించేవారు, టెంట్ హౌస్, సౌండ్, లైటింగ్ పనివారు, పడవలను ట్రైలర్ మీద తీసుకెళ్లేవారు. వీరిలో చాలామంది ఆన్‌లైన్ ప్రకటనలు చూడరు. ట్రైలర్లు తయారుచేసే షెడ్లలో, ఆటోనగర్, బాలానగర్ వర్క్‌షాపుల్లో, జనరేటర్ సర్వీసు చేసే కుర్రవాళ్ల దగ్గర మీ ఫోన్ నంబరుతో ఒక కాగితం ఇచ్చి రండి. మా వీక్రాస్‌ను కొన్నవారు ఇలా ఒక ట్రైలర్ షెడ్డు ద్వారానే వచ్చారు.

సమయం కూడా చూసుకోండి. ఆషాఢంలో, మూఢంలో బండి కొనడానికి మన దగ్గర ఎవరూ ముందుకు రారు, అడ్వాన్సు ఇచ్చినవారు కూడా శ్రావణం దాకా ఆగమంటారు. పెళ్లిళ్ల ముహూర్తాలు మొదలయ్యే నెల ముందు ఈవెంట్ల పనివారికి బండి అత్యవసరం అవుతుంది. దసరా ముందు వారాలు అందరికీ మంచివే.

ప్రకటనలో విశేషణాలు వద్దు. నేను రాసింది దాదాపుగా ఇది: “2018 ఇసుజు వీక్రాస్, 2.5 లీటర్ల డీజిల్, ఫోర్ వీల్ డ్రైవ్, తెల్ల ప్లేటు, మొదటి యజమాని. 1,960 కిలోల జనరేటర్ ట్రైలర్‌ను ఏడేళ్లు లాగింది, కాటా చీటీలు ఉన్నాయి. ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉన్నాయి. క్లచ్ గత ఏడాది మార్చాం, బిల్లు ఉంది. ఎడమ వెనుక డోరు కింద సొట్ట ఉంది. ఫైనాన్స్ లేదు, చలాన్లు లేవు.” ఫోటోలు ఉదయం ఎనిమిది లోపు ఎండలో తీయండి. ముందు, వెనుక, రెండు పక్కలు సరే. వాటికంటే ముఖ్యంగా బండి కింది భాగం, హిచ్ బోల్టులు, కమాన్ కట్టలు, సాకెట్, సొట్ట, మీటరు, కాటా చీటీలు కనబడాలి. ట్రైలర్ తగిలించిన బండిని పక్క నుంచి తీసిన ఫోటోలో అది కుంగకుండా సమంగా నిలబడటం కనిపిస్తే, తెలిసినవారు ఆ ఒక్కదాన్ని చూసే ఫోన్ చేస్తారు.

చూపించే రోజు

ఇంజిన్‌ను ముందుగా వేడి చేసి ఉంచకండి. చల్లటి డీజిల్ ఇంజిన్ ఎలా స్టార్ట్ అవుతుందో, మొదటి నిమిషంలో ఎలాంటి పొగ వస్తుందో కొనేవారి ముందే జరగనివ్వండి. వచ్చినవారి డ్రైవింగ్ లైసెన్సు చూసి ఫోటో తీసుకోండి, మీ బీమా అమలులో ఉందని నిర్ధారించుకోండి, తాళాలు ఇచ్చి పంపకుండా పక్క సీట్లో మీరు కూర్చోండి. ఖాళీ బండిని కాలనీలో ఒక చుట్టు తిప్పి చూపితే ఈ బండి గురించి ఏమీ తెలియదు. నిజంగా కొనే ఉద్దేశం ఉన్నవారికి ట్రైలర్ తగిలించి చూపించండి. మా కొనుగోలుదారు ఒక ఆదివారం తెల్లవారుజామున వికారాబాద్ దగ్గర అనంతగిరి ఘాటుకు తీసుకెళ్లమన్నారు. ఎక్కేటప్పుడు ఉష్ణోగ్రత ముల్లు మధ్య గీత దాటలేదు. దిగేటప్పుడు రెండో గేరులో ఇంజిన్ పట్టుతోనే వచ్చి, బ్రేకు మీద కాలు తక్కువగా వేశాను. కింద ఆపి, వెనుక చక్రాల డ్రమ్ముల దగ్గర చెయ్యి పెట్టి వేడి చూసుకోమని నేనే అన్నాను. తిరిగి వచ్చాక టర్బో చల్లబడేదాకా ఇంజిన్‌ను ఒక నిమిషం అలాగే వదిలి తర్వాత ఆపాను. బండిని ఎలా వాడానో ఆయనకు దాంతోనే అర్థమైందని తర్వాత చెప్పారు.

డబ్బు, కాగితాలు

ఒక లావాదేవీలో 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషిద్ధం, తీసుకున్నవారికే అంత మొత్తం జరిమానా పడుతుంది. బ్యాంకు బదిలీ ద్వారానే తీసుకోండి. స్క్రీన్‌షాట్ చూసి బండి ఇవ్వకండి, మీ ఖాతాలో జమ అయినట్టు మీ కళ్లతో చూసుకున్నాకే ఇవ్వండి. బండి చూడకుండానే అడిగిన ధరకు ఒప్పుకొని, డబ్బు పంపడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమనేవారు మోసగాళ్లు. డబ్బు తీసుకోవడానికి స్కాన్ చేయడం, పిన్ కొట్టడం ఎన్నడూ అవసరం లేదు. మోసపోయినట్టు అనిపిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఫైనాన్స్ తీరిపోయి ఉంటే బ్యాంకు ఇచ్చిన నిరభ్యంతర పత్రంతో, 35వ ఫారంతో ఆర్‌సీలో హైపోథికేషన్ (బండి మీద అప్పు ఉందన్న నమోదు) తీయించండి. పెండింగు ఈ-చలాన్లు కట్టేయండి. తర్వాత 29వ ఫారం మీ తరఫున, 30వ ఫారం కొనేవారి తరఫున. తెలంగాణలోనే అమ్మితే మీరు 14 రోజుల్లో ఆర్‌టీఏకు తెలియజేయాలి, కొన్నవారు 30 రోజుల్లో తమ పేరు మీదికి మార్చుకోవాలి. విజయవాడ, బీదర్, నాందేడ్ వైపు నుంచి వచ్చినవారికి అమ్మితే ముందు 28వ ఫారంతో మన ఆర్‌టీఏ నుంచి ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం) తీసుకోవాలి, దానికి పట్టే రోజులను బేరంలోనే చెప్పాలి. డీలర్‌కు ఇచ్చేస్తే అతనికి ఆర్‌టీఏ అధీకృత ధ్రువపత్రం ఉందో లేదో చూసి, బండి అప్పగించినట్టు 29సి ఫారం ద్వారా తెలియజేయండి. 2023 ఏప్రిల్ నుంచి ఈ పద్ధతి అమలులో ఉంది.

ఖాళీ ఫారాల మీద సంతకం చేసి ఇవ్వడం గురించి గట్టిగా చెప్పాలి. నా పాత పికప్‌ను ఒక మధ్యవర్తికి అలాగే ఇచ్చాను. డబ్బు పూర్తిగా వచ్చింది కదా అని నిశ్చింతగా ఉన్నాను. పదకొండు నెలల పాటు ఆ బండి చలాన్లు నా ఫోనుకు వస్తూనే ఉన్నాయి, బండి ఎవరి చేతిలో ఉందో నాకు తెలియదు. ప్రతిసారీ ఫోను మోగినప్పుడు అది చలానేనా, ప్రమాదమా అని గుండె దడదడలాడేది. ప్రమాదం జరిగితే ఆర్‌సీలో పేరున్న వ్యక్తే యజమానిగా బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అమ్మేశానన్న మాట అక్కడ చెల్లదు. ఆ బదిలీ పూర్తయ్యేదాకా నేను పడిన ఆందోళన మీలో ఎవరికీ వద్దు.

అందుకే రెండోసారి కొనుగోలుదారుతో కలిసి నేనే స్వయంగా ఆర్‌టీఏకు వెళ్లాను. అప్పగింత కాగితం రెండు ప్రతులు రాసుకున్నాం. అందులో తేదీతో పాటు గంట, నిమిషం, మీటరు రీడింగు, విప్పి ఇచ్చిన భాగాల జాబితా, ఆర్‌సీలో ఉన్న స్థూల బరువు, మార్పుల వల్ల ఆ బరువు పెరగలేదన్న వాక్యం, ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు ఉన్నారు. ఆ క్షణం తర్వాత జరిగే ప్రతిదానికీ కొన్నవారిదే బాధ్యత అని స్పష్టంగా రాశాం.

అప్పగించే ముందు ఫాస్టాగ్‌ను బ్యాంకుకు చెప్పి మూయించండి, లేకపోతే వారు అవుటర్ రింగు రోడ్డు ఎక్కిన ప్రతిసారీ మీ డబ్బు పోతుంది. బీమా సంస్థకు అమ్మకం తెలియజేసి, మీ నో క్లెయిమ్ బోనస్ సర్టిఫికెట్ తీసుకోండి. అది బండిది కాదు, మీది, మూడేళ్లలోపు కొనే మరో బండికి పనికివస్తుంది. కొన్నవారు 14 రోజుల్లో పాలసీని తమ పేరుకు మార్చించుకోవాలని గుర్తుచేయండి. ట్రైలర్ కూడా కలిపి అమ్ముతుంటే దాని రిజిస్ట్రేషన్ వేరు కనుక దాని ఫారాలు కూడా వేరుగా నింపాలి.

బండి ఇచ్చే రోజు, హిచ్ విప్పే ముందు, పావుగంట కేటాయించి కప్లర్ తగిలించడం, లాక్ పడిందని జాకీతో కొద్దిగా ఎత్తి చూడటం, రక్షణ గొలుసులను కప్లర్ కింద ఇంటూ గుర్తులా వేయడం, గుండుకు గ్రీజు పూయడం కొన్నవారి డ్రైవర్ చేత మీ ఎదుటే చేయించండి. నెల గడిచాక ఆర్‌సీ వివరాలు ఆన్‌లైన్‌లో చూడండి. కొత్త యజమాని పేరు కనిపించగానే ప్రింటు తీసి, అప్పగింత కాగితంతో, బ్యాంకు జమ వివరాలతో కలిపి ఫైలులో పెట్టుకోండి. పేరు మారకపోతే అదే రోజు ఆ ఫైలు పట్టుకొని ఆర్‌టీఏకు వెళ్లండి.